గుండ్రంగా ఉన్నవన్నీ చుట్టాలేనా?

చాలా సంవత్సరాల క్రితం తొమ్మిదవ తరగతిలో బాక్టీరియాల పాఠం చెబుతున్నాను. గుండ్రంగా ఉండేవి కోకస్‌లు, కడ్డీల్లా ఉండేవి బాసిల్లస్‌లు, మెలికలు తిరిగి ఉండేవి స్పైరిల్లమ్‌లు అని నల్లబల్ల మీద రాశాను. వెనుక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ! గుండ్రంగా ఉన్నవన్నీ ఒకదానికొకటి చుట్టాలేనాండీ?" అని అడిగింది. "పుస్తకంలో ఉన్నది రాసుకో" అని కూర్చోబెట్టాను. ప్రశ్న మంచిదే. నేను చేసిన పనే తప్పు. ఆ జవాబు ఇప్పుడు చెబుతాను.

కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవిని చూసిన వారికి అక్కడి నల్లని బురద గుర్తుండే ఉంటుంది. దానిని కదిలిస్తే కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు. గాలి చొరని బురదలో కొన్ని బాక్టీరియాలు సముద్రపు నీటిలోని సల్ఫేటు నుంచి దానిని తయారు చేస్తాయి. మనకు విషమైన ఆ వాయువు మరికొన్ని బాక్టీరియాలకు ముడిసరుకు! కిరణజన్య సంయోగక్రియలో మొక్కలు నీటిని వాడుకుంటే, ఇవి హైడ్రోజన్ సల్ఫైడును వాడుకుంటాయి. అందుచేత వీటి నుంచి ఆక్సిజన్ వెలువడదు, గంధకం ఏర్పడుతుంది.

ఇటువంటి బాక్టీరియా ఒకటి ఒడిశా తీరంలోని భితర్కనిక మడ అడవి బురదలో దొరికింది. హైదరాబాదు శాస్త్రజ్ఞులు చింతలపాటి శశికళ, చింతలపాటి వెంకటరమణల బృందం దానిని 2008లో ప్రకటించింది. అసంఖ్యాకమైన సూక్ష్మజీవుల మధ్య నుంచి ముందు దానిని వేరుచేసి ఒంటరిగా పెంచాలి. తరువాత ఒక్కొక్క ప్రశ్నే అడగాలి. ఆకారం ఏమిటి? గుండ్రం. రంగు? గోధుమ. ఉప్పు కావాలా? కావాలి. ఇక అసలు ప్రశ్న: దీని బంధువులెవరు?

దీనికి సూక్ష్మదర్శిని జవాబు చెప్పలేదు. ప్రతి బాక్టీరియాలోనూ రైబోజోమ్‌లు ఉంటాయి. వాటికి సంబంధించిన '16ఎస్' అనే జన్యువులో సుమారు 1,500 అక్షరాలుంటాయి. రెండు జీవులలో ఆ అక్షరాలను పక్కపక్కన పెట్టి పోలిస్తే చుట్టరికం దగ్గరిదో దూరపుదో తెలుస్తుంది. అలా చూసినప్పుడు ఈ జీవి తెలిసిన ఏ ప్రజాతిలోనూ ఇమడలేదు. అందుచేత 'థయోఫియోకోకస్ మాంగ్రోవి' అని కొత్త పేరు పెట్టారు. మన పేర్లలో లాగానే ఇంటిపేరు ముందు! థయో అంటే గంధకం, ఫియో అంటే గోధుమ రంగు, కోకస్ అంటే గుండ్రనిది, మాంగ్రోవి అంటే మడ అడవికి చెందినది. మన కాకినాడ పేరుతోనూ 'థయోరోడోకోకస్ కాకినాడెన్సిస్' అనే బాక్టీరియా ఉంది.

ఇప్పుడు ఆ అమ్మాయికి జవాబు. చీము పట్టించే స్టెఫైలోకోకస్ కూడా గుండ్రమే. అయినా మన గుండ్రని మడ అడవి బాక్టీరియాకు అది చాలా దూరపు చుట్టం. మన పేగుల్లో ఉండే కడ్డీ ఆకారపు ఈ. కోలై దానికంటె దగ్గరి చుట్టం! ఎగిరినంత మాత్రాన గబ్బిలం కాకికి తోబుట్టువు కాదు కదా!

పేరు పెట్టడంతోనే పని పూర్తి కాదు. ఆ బాక్టీరియాను సజీవంగా, కనీసం రెండు దేశాలలోని భాండాగారాలలో దాచాలని నియమం ఉంది. అనుమానం వచ్చిన వారెవరైనా తెప్పించుకుని పరీక్షించవచ్చు. "నమ్మండి" అనడం సైన్సు కాదు, "మీరే చూసుకోండి" అనడం సైన్సు.

"పరీక్షలో ఆకారాలే అడుగుతారు కదా మాస్టారూ?" అంటారేమో! తప్పక రాయండి. ఆకారం చెప్పడం తప్పు కాదు, ఆకారాన్ని చూసి చుట్టరికం కలపడమే తప్పు. వర్గీకరణను బట్టీపట్టే పట్టికగా చేసినవారం మేము, ఉపాధ్యాయులమే. అది ఇంకా పూర్తికాని పని అనీ, మన తీరపు బురదలో పేరులేని జీవులు ఇంకా ఉన్నాయనీ మీకు చెప్పాలి. మడ అడవిని నరికితే, పేరైనా తెలియకుండానే వాటిలో కొన్నింటిని పోగొట్టుకుంటాం.

కనుక పిల్లలూ! తరగతిలో ప్రశ్న తోస్తే లేచి అడగండి. మాస్టారు కూర్చోమంటే, మర్నాడు మళ్ళీ అడగండి.