బుసైతీన్ కబుర్లు: అమ్ముగూడ బలరాం

కిందటి నెల ఈ శీర్షికలో మధుమేహం గురించి రాశాము. "డాక్టరుగారూ, మీ పేజీ చదివాక మిఠాయి ముట్టాలంటే భయమేస్తోంది. ఈసారి జబ్బుల ఊసు లేకుండా ఏదైనా రాయండి" అని ఇద్దరు ముగ్గురు సోదరీమణులు ఫోను చేసి చెప్పారు. సరే, ఆట గురించి రాద్దామని కూచున్నాము. తీరా మొదలుపెడితే ఆట వెనకాలే జబ్బూ వచ్చి కూచుంది. పాఠకులు మన్నించాలి.

మేముండే బుసైతీన్ ముహర్రఖ్ దీవిలో ఒక పేట. చిన్నదే అయినా ఇక్కడి క్లబ్బు 2012-13లో బహ్రెయిన్ లీగు గెలిచింది. మా వీధి పిల్లలు ఆ సంగతి నిన్న జరిగినట్టు చెబుతారు. మా పదేళ్ళవాడు సాయంత్రమైతే చాలు, వాళ్ళతో కలిసి ఇసక నేలమీద బంతి తన్నుతుంటాడు. వాడి మంచం తలాపున స్పెయిన్ మిడ్‌ఫీల్డరు రోద్రి బొమ్మ అంటించి ఉంది. గోల్ కొట్టేవాడి బొమ్మ కాకుండా ఇతనిదెందుకురా అంటే, "మధ్యలో ఉండి అందరికీ బంతి అందించేది ఇతనే గదా" అంటాడు.

ఒకనాడు వాడు ఏడుపు మొహంతో ఇంటికొచ్చాడు. 2019 జనవరి 14న షార్జాలో ఆసియా కప్పు మ్యాచి జరిగింది. ఆట ముగియబోతుండగా పెనాల్టీ దొరికి బహ్రెయిన్ మనవాళ్ళను 1-0తో ఓడించింది. ఆ కథ ఎవరో ఎత్తి, "మీకు క్రికెట్ తప్ప ఏమొచ్చు?" అన్నారట. "నాన్నా, మనవాళ్ళలో ఫుట్‌బాల్ బాగా ఆడినవాడు ఒక్కడన్నా ఉన్నాడా?" అని వాడు నిలదీస్తే మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాము. ఇన్నేళ్ళ వైద్యవిద్యలో మానవ శరీరంలోని ప్రతి ఎముక పేరూ బట్టీపట్టాము గాని, ఈ ప్రశ్నకు జవాబు మా దగ్గర లేదు.

లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పెరిగిన మా పెదనాన్నగారికి ఎనభై దాటాయి. ఆయనకు ఫోను చేశాము. "ఒరేయ్, సికింద్రాబాదులో పుట్టి బలరాం పేరు వినలేదూ? ఏం చదువులు చదివార్రా మీరు!" అని ఆయన అరగంట సేపు ఫోను పెట్టనివ్వలేదు. ఆ తరువాత మేము చదివి తెలుసుకున్నదీ ఆయన చెప్పినదీ కలిపి ఇక్కడ రాస్తున్నాము.

తులసీదాస్ బలరాం 1936లో సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టాడు. చిన్నతనంలో బూట్లు కొనే స్తోమతు లేక, పోలీసులు వాడి పారేసిన పాత బూట్లను చెప్పులు కుట్టేవాడి చేత మార్పించుకుని ఆడాడట. అతని ఆటను గుర్తించినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దినది ఈయనే. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. వృత్తిరీత్యా బడిపంతులు కావడం వల్ల కాబోలు, కుర్రవాళ్ళను చూడగానే వాళ్ళలోని సరుకు పసిగట్టేవాడు. రోజూ అంత దూరం వచ్చి ఆడటానికి సైకిలు అద్దె కూడా లేదని బలరాం అంటే, ఆ డబ్బు రహీం సాబే ఇచ్చేవాడని మా పెదనాన్నగారు చెప్పారు.

1956, 1957 సంవత్సరాలలో హైదరాబాదు జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. బలరాం ఆ జట్టులో ఉన్నాడు. 1956లోనే ఇరవయ్యేళ్ళ వయసులో మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళాడు. అక్కడ మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మనకు అంతకు మించిన ఫలితం ఈనాటికీ లేదు. 1957లో బలరాం కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరాడు. 1961లో ఆ జట్టుకు నాయకుడై, లీగులో 23 గోల్స్ కొట్టి అందరికంటె ముందు నిలిచాడు.

అతనిది ఆ రోజుల భాషలో 'ఇన్‌సైడ్ లెఫ్ట్' స్థానం. అంటే కిందికి దిగి బంతి అందుకోవాలి, ముందున్నవాళ్ళకు అందించాలి, సందు దొరికితే తానే గోల్ చేయాలి. ఈనాటి మిడ్‌ఫీల్డరు పనిలో సగం, ఫార్వర్డు పనిలో సగం. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద మనవాళ్ళు 2-1తో ఓడారు. మన ఆ ఒక్క గోల్ బలరాందే. పెరూ మీద ఓడిన మ్యాచిలోనూ మన గోల్ అతనిదే.

1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ జరిగాయి. మొదటి మ్యాచిలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిన మన జట్టు మళ్ళీ పుంజుకుంది. జపానును 2-0తో ఓడించింది. అందులో ఒక గోల్ బలరాంది. సెప్టెంబరు 4న ఫైనల్లో అదే దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం ముగ్గురినీ కలిపి ఒకే పేరులా పలికేవారట. అదే ఏడు బలరాంకు అర్జున అవార్డు వచ్చింది.

ఇక్కడిదాకా మా వాడు కళ్ళు ఇంతలు చేసుకుని విన్నాడు. "తరవాత?" అన్నాడు. తరవాతిది వైద్యుల అధ్యాయం.

జకార్తాలో జట్టును నడిపించేనాటికే రహీం సాబ్ ఆరోగ్యం బాగాలేదు. ఊపిరితిత్తుల కాన్సరుతో 1963 జూన్ 11న ఆయన చనిపోయాడు. అదే ఏడు బలరాంకూ రొమ్ము జబ్బు చేసింది. ప్లూరసీ అని కొందరు, క్షయ అని కొందరు రాశారు. మన దేశంలో ఆ రెంటికీ దగ్గర చుట్టరికమే. ఇరవయ్యేడేళ్ళు నిండీ నిండకముందే బలరాం ఆట ముగిసింది.

ఆ రోజుల్లో క్షయకు మందు లేకపోలేదు. ఇంటి దగ్గరే ఉండి మందులు వాడినా శానిటోరియంలో ఉన్నంత గుణం కనబడుతుందని మద్రాసు పరిశోధకులు 1959లోనే లోకానికి రుజువు చేశారు. కాని ఏడాది, ఏడాదిన్నర పాటు సూదులు, గుప్పెళ్ళకొద్దీ మాత్రలు. ఆటగాడికి ఏడాదిన్నరంటే ఒక జీవితం. మా వాడి గోడమీది రోద్రికి 2024 సెప్టెంబరులో మోకాలి లిగమెంటు తెగింది. ఆపరేషను జరిగింది. అక్టోబరులో చంకకర్రల మీద నడిచొచ్చి బాలన్ డోర్ బహుమతి అందుకున్నాడు. 2025 మే నెలలో మళ్ళీ మైదానంలోకి దిగాడు. ఆ ఎనిమిది నెలలూ అతని చోటు అతని కోసం కాచుకుని ఉంది. బలరాం కోసం ఎవరూ కాచుకోలేదు. తక్కిన ఇద్దరు స్నేహితులకూ పద్మశ్రీ వచ్చింది, అతనికి రాలేదు. పెళ్ళి చేసుకోకుండా, హుగ్లీ నది ఒడ్డున ఉత్తరపారాలో ఉంటూ, 2023 ఫిబ్రవరి 16న ఎనభై ఆరేళ్ళ వయసులో కన్నుమూశాడు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నామంటే, మా శుక్రవారం ఆటలో గోల్ కాచే జగిత్యాల వైపు కుర్రవాడొకడున్నాడు. పిల్లలకు బంతి పట్టడం నేర్పేవాడు. రంజాను ముందు నుంచీ దగ్గుతున్నాడు. మేము విన్నాము. దుమ్ము కాలం గదా అనుకున్నాము. రోజంతా నలుగురి గుండెల మీద స్టెతస్కోపు పెట్టే మేము ఆరు వారాలపాటు అతన్ని ఒక్క మాట అడగలేదు. ఒక శుక్రవారం పక్క పట్టుకుని కూలబడితే అప్పుడు ఎక్స్‌రే తీయించాము. కుడివైపు నీరు చేరి ఉంది. క్షయే. ముందే ఎందుకు చెప్పలేదంటే, "చెప్తే ఇంటికి పంపిస్తరేమో సార్. చెల్లె పెండ్లి అప్పు ఇంక తీరలే" అన్నాడు.

మా వాడితో సహా ఆడిన పిల్లలందరికీ పరీక్షలు చేయించాము. ఎవరికీ ఏమీ లేదు. ఆ కుర్రవాడు ఇంటికి వెళ్ళి మందులు వాడుతున్నాడు. మామూలు క్షయకు ఇప్పుడు ఆరు నెలలు చాలు. నాలుగో నెల నడుస్తోంది, బరువు పెరిగానని కబురు పెట్టాడు. కాని ఆరు వారాల కిందటే అడిగి ఉంటే అతనికి ఆ నీరు తీయించుకునే అవస్థ తప్పేదేమో. ఆ తప్పు మాదే.

మన ఇళ్ళకు వచ్చే డ్రైవర్లు, వంటవాళ్ళు, మన కార్యక్రమాలకు కుర్చీలు మోసే కుర్రవాళ్ళు, వీళ్ళలో ఎవరికైనా రెండు వారాలు దాటి దగ్గు ఉన్నా, సాయంకాలం జ్వరం తగులుతున్నా, బరువు తగ్గుతున్నా మీరే పలకరించండి. వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. మాకు ఫోను చేస్తే ఏ వేళనైనా చూస్తాము. ఉద్యోగం సంగతి కంపెనీతో మాట్లాడవలసి వస్తే మనలో చదువుకున్నవాళ్ళు నలుగురు వెంట వెళ్ళగలరు గదా.

మా వాడు రోద్రి బొమ్మ తీయలేదు. దాని పక్కన కాగితం మీద పెన్సిలుతో ఒక మనిషిని గీసి, కింద 'బలరాం, అమ్ముగూడ' అని తెలుగులో రాసుకున్నాడు. 'మ్ము'లో ఒత్తు మరిచాడు. మేము దిద్దలేదు.