స్టీరింగ్ వంకరగా ఉంటే అలైన్‌మెంట్ పూర్తి కానట్టే

వానలు తగ్గగానే కార్ల యజమానులకు వీల్ అలైన్‌మెంట్ గుర్తొస్తుంది. గుంతల్లో పడి లేచిన చక్రాలను సరిచేయించుకోవడం మంచి అలవాటే. అయితే డబ్బు కట్టి రోడ్డెక్కాక కొందరికి కొత్త చిక్కు ఎదురవుతుంది. బండి నేరుగానే పోతుంటుంది, స్టీరింగ్ మాత్రం ఓ పక్కకు వాలి ఉంటుంది. వెనక్కి వెళ్లి అడిగితే, 'నాలుగు రోజులు నడపండి సార్, అదే సర్దుకుంటుంది' అని పంపేస్తారు.

సర్దుకోదు. చక్రాలను స్టీరింగ్‌కు కలిపే టై రాడ్ నట్టు ఒకసారి బిగించాక చక్రాల కోణం దానంతటది మారదు.

ముందు చక్రాలు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయో చెప్పే కొలత టో. ఒక కారులో రెండు చక్రాలకూ కలిపి 0.2 డిగ్రీల టో-ఇన్ ఉండాలనుకుందాం. ఎడమ చక్రాన్ని 0.5 డిగ్రీలు లోపలికి, కుడిదాన్ని 0.3 డిగ్రీలు బయటికి పెట్టినా మొత్తం లెక్క సరిపోతుంది. కానీ అప్పుడు రెండు చక్రాలూ కుడివైపే చూస్తుంటాయి. బండి నేరుగా పోవాలంటే వాటిని 0.4 డిగ్రీలు ఎడమకు తిప్పి పట్టుకోవాలి. స్టీరింగ్ సుమారు 15 డిగ్రీలు తిరిగితే చక్రం ఒక డిగ్రీ తిరిగే కారులో, ఆ కాస్త తేడాకే స్టీరింగ్ 6 డిగ్రీలు వాలుతుంది. అంత వంకర కంటికి ఇట్టే తెలుస్తుంది. పని మొదలుపెట్టే ముందు స్టీరింగ్‌ను సరిగ్గా మధ్యలో పెట్టి హోల్డర్‌తో బిగించకపోవడం వల్లే చాలాసార్లు ఇలా జరుగుతుంది. ఒక టై రాడ్‌ను ఎంత పొడిగిస్తారో రెండోదాన్ని అంతే కుదిస్తే మొత్తం టో చెడకుండానే స్టీరింగ్ మధ్యకు వస్తుంది.

వెనక చక్రాలను కొలవకుండా వదిలేసినా ఇదే ఫలితం. వెనక ఇరుసు కాస్త పక్కకు చూస్తుంటే, దాన్ని సరిపెట్టడానికి ముందు చక్రాలు ఎప్పుడూ కొంచెం తిరిగే ఉండాలి. స్విఫ్ట్, ఐ20 లాంటి కార్లలో వెనక ఉండేది టార్షన్ బీమ్. దానికి ముందు చక్రాలకున్నట్టు సర్దుబాటు బోల్టులు ఉండవు. అందుకే చాలా షాపుల్లో దాని జోలికే పోరు. సర్దలేకపోయినా కొలవాలి. గుంతలో పడి బీమ్ వంగిందో లేదో తెలిసేది ఆ కొలతతోనే.

అన్నిటికంటే ప్రమాదకరమైన పని ఇంకొకటుంది. టై రాడ్ల జోలికి పోకుండా, స్టీరింగ్ చక్రాన్నే ఊడదీసి కాస్త తిప్పి మళ్లీ బిగించడం. చూడ్డానికి నిటారుగా కనిపిస్తుంది కానీ లోపల టై రాడ్లను కదిపే స్టీరింగ్ రాక్ మధ్యకు రాదు. పైగా ఆ చక్రం వెనకే క్లాక్ స్ప్రింగ్ ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్‌కు కరెంటు అందించేది అందులోని సన్నటి రిబ్బన్ తీగే. తెలియని చేయి పడి అది తెగితే ప్రమాద సమయంలో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోకపోవచ్చు. 2019 జూలై 1 నుంచి కొత్త కార్లన్నిటిలో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. చట్టం ఇచ్చిన ఆ రక్షణను ఒక అడ్డదారి రిపేరు లాగేసుకోవడం క్షమించరాని విషయం.

ఈఎస్‌సీ (ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్) ఉన్న కార్ల విషయంలో మరో మాట. స్టీరింగ్ ఎటు తిరిగి ఉందో అందులోని సెన్సర్ కంప్యూటర్‌కు చెబుతుంటుంది. అలైన్‌మెంట్ తర్వాత ఆ సెన్సర్‌ను సున్నాకు తేవాలని కంపెనీ చెప్పిన కార్లలో స్కాన్ టూల్‌తో ఆ పని కూడా చేయాలి.

మెకానిక్‌ల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. నీరు పోవడానికి రోడ్లను అంచుల వైపు వాలుగా వేస్తారు. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి బండి కొద్దిగా ఎడమకు జారుతుంది, స్టీరింగ్‌ను రవ్వంత కుడికి పట్టాల్సి వస్తుంది. టైర్లలో గాలి ఎక్కువ తక్కువలున్నా బండి ఓ పక్కకు లాగుతుంది. అందుకే గాలి సరిచూసుకుని, చదునైన రోడ్డు మీద నడిపి చూశాకే తప్పెవరిదో తేల్చాలి.

అలా చూశాక కూడా స్టీరింగ్ వంకరగానే ఉంటే రెండోసారి డబ్బు కట్టకండి. సర్దుబాటుకు ముందూ తర్వాతా నాలుగు చక్రాల కొలతలున్న ప్రింటవుట్ అడగండి. మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక రౌండు నడిపి చూపించండి. అప్పటికీ కాదంటే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవా లోపమని ఫిర్యాదు చేయవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.