గనితో పాటు మగ్గము కూడ చూపవలెను

కోలారు చూడవచ్చిన వారికి మార్గదర్శి ఒక్క ఉదయములో చూపగలది చాల యున్నది. 11వ శతాబ్దపు చోళ శాసనములు గల కోలారమ్మ గుడి, విజయనగర కాలపు శిల్పము గల సోమేశ్వరాలయము, హైదరాలీ తండ్రి సమాధి యున్న మక్బరా, కొండమీది అంతరగంగ. పిమ్మట బంగారు గనుల పట్టణము. అచట 1880లో జాన్ టేలర్ కంపెనీ పని చేపట్టినది. 1902లో శివనసముద్రము నుండి విద్యుత్తు వచ్చినది. గని మూడు వేల మీటర్లకు మించిన లోతునకు పోయినది. 2001 ఫిబ్రవరి 28న మూతబడినది. నేడు మట్టిదిబ్బలు మాత్రము కనబడును.

ఇందొక పాఠమున్నది. పని సాగిన దినములలో గని వేల కుటుంబములకు కూడు పెట్టినది. పని పోయిన పిమ్మట వింతగా మిగిలినది. మన మగ్గమునకు అట్టి గతి పట్టక మునుపే, అది ఆడుచుండగనే లోకమునకు చూపవలెనని నా మనవి.

ఈ సీమ పట్టునకు పుట్టినిల్లు. 2007 వరకు కోలారు జిల్లాలోనే యుండిన చిక్కబళ్ళాపురము వైపున శిడ్లఘట్ట పట్టుగూళ్ళ సంత పేరుపడినది. గూళ్ళను వేడినీట వేసి పోగు తీయుట, పురి పెట్టుట, పడుగు పూన్చుట, నాడె వేయుట చూచినవాడు చీర ధర వినగానే ముఖము చిట్లించడు. చూడనివాడు మరమగ్గపు గుడ్డను చేనేతయని నమ్మి కొనును. 2006లో వచ్చిన చేనేత గుర్తును చూచి కొనవలెనని కూడ వానికి తెలియదు. ఈ అజ్ఞానమునకు నష్టపోవునది మనమే.

పట్టు మొదట పుట్టిన చైనా దేశమును చూడుడు. సుజౌ అను పాతనగరములో 1991 నుండి పట్టు ప్రదర్శనశాల గలదు. ఉద్యానములు చూచినవారు అచట పురుగు మొదలు మగ్గము వరకు చూడవచ్చును. చైనా వారి పట్టుపని 2009లో యునెస్కో జాబితాకెక్కినది.

“మన యిల్లు వింతశాలయా?” అని కొందరందురు. ఆ మాటలో న్యాయమున్నది. పదిమంది వచ్చి నిలుచున్నచో గుంటలోని కాలు ఆగును, పూట కూలి పోవును. కావున కొన్ని కట్టుబాట్లు కావలెను. ఇంటివారి సమ్మతి లేనిదే ఎవరును లోనికి రారాదు. మగ్గము ఆగిన ప్రతి గంటకును కూలి ముట్టవలెను. పనిని గూర్చి చెప్పునది పని యెరిగినవారే కావలెను. కన్నడము, తెలుగు, ఇంగ్లీషు వచ్చిన మన బిడ్డలకు ఆ పని నేర్పవచ్చును. అన్నిటికంటె ముఖ్యము, మార్గదర్శికి అమ్మకము మీద కమీషను కూడదు. కమీషను పుట్టిన చోట మగ్గము మూలబడి దుకాణమే ముందుకు వచ్చును. ధర చీటీ చీరమీదనే యుండవలెను.

గుడి కట్టిన శిల్పి నేడు లేడు. గనిలో దిగిన కూలీకి నేడు గని లేదు. నేతగాడు ఇంకను మగ్గము మీదనే యున్నాడు. వచ్చినవారికి తన పనిని తానే చెప్పుకొను అవకాశము అతనికి గలదు. ఈ విషయమై సభ్యులు ఇండ్లలో, ముఖ్యముగా కండెలు చుట్టు ఆడవారితోను, ఆలోచించి తమ అభిప్రాయములను సంఘమునకు తెలుపవలెనని కోరుచున్నాను.