తలకు వెల

మనుష్యుని తలకు వెల కట్టుట, ఆ వెలకై వానిని వెంటాడుట లోకమున క్రొత్త కాదు. పంతొమ్మిదవ శతాబ్దమున అమెరికా పశ్చిమ సీమలలో నేరస్థుని పట్టియిచ్చి, గోడమీది ప్రకటనలో చూపిన సొమ్ము నందుకొని పోవువారుండిరి. కాలక్రమమున పాశ్చాత్య కథకులు ఆ వేటగానిని గుర్రముపైనుండి దింపి వ్యోమనౌక నెక్కించిరి; ఎడారికి మారుగా నక్షత్రమండలములను చూపిరి. 2024వ సంవత్సరమున విడుదలయిన ‘కల్కి 2898 ఏ.డి.’ చలనచిత్రములో అట్టి వేటగాడే భైరవుడను పేరుతో తెలుగు మాట్లాడినాడు. బాలురు వాని వాహనమును, వాని సాహసములను చూచి మురిసిరి. పెద్దలలో పెక్కుమంది అది పిల్లల ముచ్చట యని ఊరకుండిరి. మురియుటలో తప్పులేదు, ఊరకుండుటలోనే పొరపాటున్నది. ఏలయన వేటగాని కథ యంతయు ఒక ప్రశ్నపై నిలిచియుండును: ప్రాణమునకు వెల కట్టదగునా? కట్టుట కధికార మెవరిది?

ఇట్టి కథలతో నెల్లూరు జిల్లా పడమటి సీమకు దగ్గరి చుట్టరికము కలదు. తెలుగు తెరపై కాలయంత్రమును నడిపించిన సింగీతం శ్రీనివాసరావుగారు 1931లో ఉదయగిరిలో జన్మించిరి. చిత్రసీమకు పోకముందు సూళ్లూరుపేటలో ఉపాధ్యాయులుగా నుండి, తాము వ్రాసిన నాటకములను విద్యార్థులచే ఆడించిరి. శ్రీహరికోటకు వాకిలియైన ఆ ఊరికి అప్పటికి రాకెట్టుల చప్పుడు తెలియదు. ఆ దీవినుండి తొలి పరిశోధక రాకెట్టు ఎగిరినది 1971 అక్టోబరులో. అంతకు చాల ముందే ఆ ఉపాధ్యాయుడు కె.వి. రెడ్డిగారి వద్ద సహాయకుడై, 1957 నాటి ‘మాయాబజార్’కు పనిచేసెను. మనసున కిష్టమైనవారిని కన్నులయెదుట నిలుపు ‘ప్రియదర్శిని’ పేటికను ఆ చిత్రము చూపినది. నేడు అట్టి పేటిక ప్రతి చేతిలోను ఉన్నది.

సింగీతంవారు 1991లో వెలువరించిన ‘ఆదిత్య 369’ చిత్రమున వేట ఒక వజ్రమునకై సాగినది. పురావస్తుశాలలోని వజ్రమును అపహరింపజూచు ధనికు డొకడు. వానికి అడ్డుపడు యువకు డొకడు. కథ కాలయంత్రము నెక్కి 1526 నాటి శ్రీకృష్ణదేవరాయల కొలువునకు పోయి, అచ్చటినుండి 2504వ సంవత్సరమునకు దుమికినది. ఆ భావికాలమున అణుధూళికి వెరచి జనులు భూగర్భమున కాపురముందురు. వజ్రము విలువ చెడలేదు; ఎండలో నడచు భాగ్యమే చెడినది. రాయలు గజపతులతో పోరి, దీర్ఘకాలము ముట్టడించి, 1514లో జయించిన దుర్గము ఉదయగిరి. అచ్చటినుండి కొనిపోయిన బాలకృష్ణ విగ్రహమునకే హంపిలో కృష్ణాలయము కట్టించెను. ఆ కొండ నెక్కి శిథిలమైన కోటగోడపై చేయి వేసిన బాలునికి ఐదువందల యేండ్లు వెనుకకు పోవుట కష్టము కాదు; ముందునకు పోవుటయే నేర్పవలసియున్నది.

‘కల్కి’ దర్శకుడు నాగ్ అశ్విన్. 2020లో దాని రచనకు మార్గదర్శిగా ప్రకటింపబడినవారు మరల సింగీతంవారే. ఈ చిత్రమున వేట వస్తువును విడిచి ప్రాణిపైకి మళ్లినది. గంగ యెండిన కాశీలో జనులు నీటిచుక్కకై అలమటింతురు. ఆకసమున వ్రేలాడు నొక మహానిర్మాణములో నీరును పచ్చదనమును కొలదిమంది అనుభవింతురు. లోనికి పోవుటకు రుసుము గలదు. ఆ రుసుము కూడబెట్టుకొనుటకే భైరవుడు మనుష్యులను పట్టియిచ్చుచుండును. చివరకు ఒక గర్భవతిపై ప్రకటించిన బహుమానమునకై బయలుదేరును. ఆమెకు కాపుగా నిలిచినవాడు అశ్వత్థామ. ఒకనాడు ఉత్తర గర్భముపై అస్త్రము విడిచి శాపగ్రస్తుడైనవాడే నేడు ఒక గర్భమును కాచుచున్నాడు. వానితో తలపడిన వేటగానిలో కర్ణుని అంశ గలదని కడపట తేలును. అడిగినవారికి లేదనని దాత అంశ గలవాడు, ధనమునకై ఒక తల్లిని వెంటాడుట! కథలోని మలుపు చూపరిని ఉలికిపడజేసి ఊరకపోలేదు; భైరవుడు తానెవడో మరచి తిరుగుచున్నాడని తెలిపినది. చిత్రమున యుద్ధముల సందడి ఈ భావమును పలుచోట్ల కప్పివేసినమాట నిజమే. అయినను విత్తనము మంచిది.

ఇట్టి మలుపులు పరదేశపు సరకని తలచువారు పింగళి సూరన ‘కళాపూర్ణోదయము’ను ఒకమారు తెరచి చూడవలెను. పదునారవ శతాబ్దపు ఆ కావ్యమున బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ ఇంక జరుగని కథ. చెప్పిన పిమ్మట అది భూలోకమున జరిగితీరును. ఒకచోట రంభా నలకూబరుల రూపములు దాల్చిన ఇరువురు ఒకరినొకరు నిజమైనవారని భ్రమింతురు. ముందటి ఆశ్వాసములలో పడిన ముడులు వెనుకటి ఆశ్వాసములలో విడును. కాలమును తలక్రిందులు చేయుట, వేషమును నమ్మించుట, చదువరిని దారి తప్పించి మరల దారికి తెచ్చుట తెలుగు కవికి నాలుగువందల యేండ్ల క్రిందటనే తెలిసిన విద్య.

వేటగాని కథకు తెలుగు నేలలో మరియొక తూనిక గలదు. 1922-24 నాటి మన్యపు పోరాటమున ఆంగ్ల ప్రభుత్వము అల్లూరి సీతారామరాజును పట్టియిచ్చినవారికి బహుమానము ప్రకటించెను. జనులు పాటలు కట్టినది రాజుపైన. బహుమానమును కోరినవానిపైన కాదు. అంతరిక్షమునకై దేశములు వ్రాసికొన్న ధర్మమును ఇట్టిదే. 1967 నాటి ఒడంబడిక వ్యోమగాములను మానవజాతి రాయబారులుగా ఎంచినది. 1968 నాటి ఒడంబడిక, ఆపదపాలై ఏ దేశమున దిగినను వారిని రక్షించి స్వదేశమునకు చేర్చవలెనని విధించినది. కథలలో ఆకసము వేటస్థలము. శాసనములో అది ఆపన్నుని ఆదుకొనవలసిన స్థలము. ఈ రెండింటి నడుమనున్న దూరమును చూపగలిగిన తరగతి గదిలో విజ్ఞానశాస్త్రము, పౌరశాస్త్రము, తెలుగు ఒకే పీటపై కూర్చుండును.

ఉదయగిరి, ఆత్మకూరు పాఠశాలల విద్యార్థులకు ‘కల్కి’లోని నీటికరవు వట్టి కల్పనగా తోచదు. ఆత్మకూరునకు చేరువలో పెన్నపై సోమశిల జలాశయము కలదు. నీరు పల్లమెరుగునన్నట్లు ఆ జలములు డెల్టాకు సాగిపోవును. ఉదయగిరి మెట్ట చినుకునకై మొగము పైకెత్తి చూచు నేల. సోమశిల నీరు ఎత్తుకెక్కి తమ చేలకు రావలెనన్నది అచ్చటివారి చిరకాల వాంఛ. నీరు ఎవరిదను ప్రశ్నను ఎరిగిన పిల్లవాడు, వెయ్యేండ్ల తరువాతి లోకమును ఊహించుటకు ఎవరినుండియు అప్పు తేనక్కరలేదు.

కనుక ఉపాధ్యాయులు వ్యాసరచన పీరియడులో ఒక్కనాడైనను ఈ కథకు చోటీయవలెను. వేటగాడు తన తలుపు తట్టినచో ఆత్మకూరు బాలిక ఏమి చేయును? పట్టియిచ్చునా, దాచునా? ఎందువలన? ఈ మూడు ప్రశ్నలకు జవాబు వ్రాసిన బాలిక కథ వ్రాసినట్లే. వ్యోమనౌకలో వాడుకొను వస్తువులకు ఆంగ్లపు పేర్లు వెదకనక్కరలేదు. దుర్గము కొండల కర్రతో ఉదయగిరి స్త్రీలు చెక్కు చెంచా, భౌగోళిక సూచిక గుర్తింపు పొందిన ఆ చెంచా, చంద్రమండలమునను అన్నము వడ్డింపగలదు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగినది తెలుగు తీరమునుండి బయలుదేరియే. యంత్రములు ఆ గట్టు చేరినవి. వాని వెంట పోవు మనుష్యుడు ఎట్టివాడై పోవలెను, వేటగాడై పోవలెనా, రక్షకుడై పోవలెనా అన్నది యంత్రము చెప్పజాలదు. అది కథ చెప్పవలెను. ఆ కథను బడిపిల్లలు తెలుగులో వ్రాయవలెను.