పట్టి విడిచిన చేప



చిన్నప్పుడు నేను బడి వదలగానే కాలవ గట్టుకు పరుగెత్తేవాణ్ణి. ఒక వెదురు కర్ర, దానికి దారం, దారానికి బెండు ముక్క, గేలానికి వానపాము – ఇదే నా సరంజామా. బెండు మునిగిందంటే గుండె దడదడ కొట్టుకొనేది. జెల్లో, పరిగో పడితే ఆ పూట మా అమ్మ పులుసు పెట్టేది. చేపను పట్టేది పులుసు కోసమే గదా అనుకొంటూ యాభై ఏళ్ళకు పైగా గడిపాను. పోయిన నవంబరులో మా మనవడు నా అభిప్రాయం మార్చివేశాడు. ఆ ముచ్చటే ఈ నెల చెబుతాను.

మా అబ్బాయి అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. నేను చూడబోయినప్పుడు, పన్నెండేళ్ళ మనవడు రాత్రి పడుకోబోతూ, "తాతయ్యా, రేపు చీకటితోనే లేవాలి. స్ట్రైపర్లు దిగివస్తున్నాయి" అన్నాడు.

"అవేమిటిరా?" అన్నాను.

వాడు బొమ్మ తీసి చూపించాడు. దాని అసలు పేరు స్ట్రైప్డ్ బాస్, అంటే చారల బాస్ అన్నమాట. వీపు ఆకుపచ్చ, పక్కలు వెండి. ఆ వెండి మీద మొప్పల దగ్గర నుంచి తోకదాకా ఏడెనిమిది నల్లని చారలు, కాపీ పుస్తకంలో గీతల్లాగా తిన్నగా ఉంటవి.

మన పులస సంగతి మీకు తెలుసు గదా? అది సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి గోదావరికి ఎదురీదుతుంది. ఈ చారల చేపా అంతే. అట్లాంటిక్ మహాసముద్రంలో తిరుగుతూ, వసంతకాలంలో చెసపీక్ అఖాతంలో కలిసే నదుల్లోకీ, హడ్సన్ నదిలోకీ ఎక్కివెళ్ళి గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు పూర్తిగా తేలవు, పూర్తిగా మునగవు. ప్రవాహం మోసుకుపోతూ ఉంటేనే రెండు మూడు రోజుల్లో పిల్ల అవుతవి. ప్రవాహం చాలకపోతే అడుగున బురదలో పడి చచ్చిపోతవి. బతికిన పిల్లలు కొన్నేళ్ళు అక్కడే పెరిగి సముద్రంలోకి వస్తవి. ఎండాకాలం ఉత్తరానికీ, చలి రాగానే దక్షిణానికీ వాటి ప్రయాణం. అందుకే నవంబరులో న్యూజెర్సీ తీరం వెంబడి పోతుంటవి.

మర్నాడు మా అబ్బాయి మమ్మల్ని కారులో శాండీ హుక్ అనే ఇసుక తీరానికి తీసుకుపోయాడు. ఇంకా తెల్లవారలేదు. చలికి నా పళ్ళు కటకటమంటున్నవి. మనవడు ఛాతీదాకా వచ్చే రబ్బరు దుస్తులు తొడుక్కొని, తొమ్మిది అడుగుల కర్రతో మోకాటి లోతు అలల్లో నిలబడ్డాడు. ఎర – మన కవళ్ళ వంటి మెన్‌హేడెన్ చేప ముక్క. దాన్ని విసిరి, రీలు బిగించి, ఊరుకున్నాడు.

గంట అయింది. గంటన్నర అయింది. ఏమీ లేదు.

"ఇందులో సరదా ఏమున్నదిరా?" అన్నాను విసుగుతో.

వాడు ఒక చిన్న నోటుపుస్తకం చేతికిచ్చాడు. అందులో వచ్చిన ప్రతిసారీ తేదీ, పోటు ఎన్ని గంటలకు వచ్చింది, గాలి ఎటునుంచి వీచింది, చంద్రుడు ఎంత ఉన్నాడు, పక్షులు ఎక్కడ మూగాయి – అన్నీ రాసుకొన్నాడు. "పక్షులు గుంపుగా నీళ్ళమీదికి దూకుతుంటే, కింద చిన్న చేపలున్నట్లు. వాటిని కిందనుంచి తరిమేది స్ట్రైపర్ కావచ్చు, తాతయ్యా" అన్నాడు. చూశారా! ఆటుపోట్లూ, చంద్రకళలూ అంటూ నేను బడిలో నల్లబల్ల మీద బొమ్మలు గీసి చెప్పేవాణ్ణి. ఇక్కడ వీడు వాటిని తనంతట తానే నేర్చుకొంటున్నాడు. చేప దొరకని గంటల్లోనే ఈ సరదా సగం ఉన్నదని నాకు అప్పుడు తెలిసింది.

ఇంతలో కర్ర విల్లులా వంగింది. రీలు గిర్రున తిరిగి దారం పరుగెత్తింది. వాడు లాగుతాడు, అది లాక్కుపోతుంది. పదినిమిషాలకు చేప అలతోపాటు ఒడ్డుకు వచ్చింది. ఆరేడు కిలోలు ఉంటుంది. తొలి ఎండలో చారలు మెరిసినవి.

మనవడు టేపు తీసి కొలిచాడు. 33 అంగుళాలు. వాడి మొహం కొంచెం చిన్నబోయింది. 2023 నుంచి ఆ తీరంలో 28 అంగుళాలకు తగ్గినదీ, 31 అంగుళాలకు మించినదీ ఉంచుకోరాదు. ఆ మధ్యది కూడా మనిషికి రోజుకు ఒక్కటే.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. పులుసు మీద ఆశతో, "రెండంగుళాలే గదరా! ఎవరు చూడవచ్చారు?" అనేశాను. ఎన్నో ఏళ్ళు హెడ్మాస్టరుగా పనిచేసినవాణ్ణి!

వాడు నావంక చూసి, "మనం చూశాంగా, తాతయ్యా" అన్నాడు.

నా నోట మాట లేదు. వాడు తడిచేతులతో గేలం తీశాడు. పొడిచేతులు తగిలితే చేప ఒంటిమీది జిగురు పోయి రోగాలు వస్తవట. ఆ గేలం మొన లోపలికి గుండ్రంగా వంగి ఉన్నది. అలాంటిది కడుపులో దిగకుండా, సాధారణంగా దవడ మూలనే పడుతుంది. తరవాత చేపను నీళ్ళలో నిలబెట్టి పట్టుకొన్నాడు. మొప్పలు నాలుగైదుసార్లు ఆడినవి. తోక ఒక్కసారి విదిలించి అది వెళ్ళిపోయింది. ఇంత జాగ్రత్త ఎందుకంటే, విడిచిన చేపల్లో నూటికి తొమ్మిది ఎలాగూ బతకవని అక్కడి శాస్త్రజ్ఞుల అంచనా.

పెద్ద చేపను విడవడమేమిటని మీరు అడగవచ్చు. ఈ జాతిలో బాగా పెద్దవి దాదాపు అన్నీ ఆడవే. ముప్పై ఏళ్ళదాకా బతకగలవు. ఎంత పెద్దదైతే అన్ని ఎక్కువ గుడ్లు, లక్షల లెక్కన పెడతవి. 1973లో జాలర్లు అమెరికా తూర్పు తీరంలో 1 కోటి 47 లక్షల పౌన్ల చారల చేపలు పట్టారు. 1983 నాటికి అది 35 లక్షలకు పడిపోయింది. 1985లో మేరీలాండ్ రాష్ట్రం వీటి వేటను పూర్తిగా ఆపి, 1990 వరకూ ఆగింది. చేప మళ్ళీ పెరిగింది. 1995లో జాతి కోలుకొన్నదని ప్రకటించారు. కాని 2019లో మళ్ళీ తగ్గిపోయిందని లెక్క తేలింది. ఆ అంగుళాల నియమం అందుకే.

ఇంకొక సంగతి విని నేను పొంగిపోయాను. మసాచుసెట్స్ వలసలో 1639లోనే, ఈ చేపను పొలాలకు ఎరువుగా వేయరాదని చట్టం చేశారు. పొరుగున ఉన్న ప్లిమత్ వలసలో 1670లో, ఈ చేపల వేట మీద వచ్చే ఆదాయాన్ని ఉచిత పాఠశాలకు ఇవ్వాలని నిర్ణయించారు. చేప బడి పెట్టించిందన్నమాట!

పుస్తెలమ్మి అయినా పులస తినాలని మా గోదావరి వైపు సామెత. ఇప్పుడు పులస దొరకడమే అరుదై, ఒక్కొక్కటి వేల రూపాయలు పలుకుతున్నది. ఆ చారల చేప కథ మనకూ పనికివస్తుందేమో ఆలోచించండి.

ఊరికి తిరిగి వచ్చాక మళ్ళీ కాలవ గట్టుకు వెళ్ళాను. జానెడైనా లేని కొర్రమీను పిల్ల ఒకటి పడింది. గట్టుమీద ఎవరూ లేరు. నేను చూశాను గనక నీళ్ళలో విడిచాను.

మీరూ గేలం వేయబోతే పెద్దవాళ్ళను వెంటబెట్టుకు వెళ్ళండి. ఒక నోటుపుస్తకం కూడా మరవకండి. అన్నట్లు, 33 అంగుళాలంటే ఎన్ని సెంటీమీటర్లో లెక్కకట్టి, మీ ఇంటి గోడమీద గీత గీసి చూడండి. మా మనవడు ఏం వదులుకొన్నాడో మీకే తెలుస్తుంది!