తూము దగ్గరి లస్కరు

ఫిబ్రవరి తిరునాళ్లకు గుణదల కొండమెట్లు ఎక్కితే ఎవరికైనా కాళ్లు పీకుతాయి. మయస్థీనియా గ్రేవిస్ ఉన్నవారికి అంత ఎత్తు అక్కర్లేదు. పొద్దున తేటగా ఉన్న కన్ను సాయంత్రానికి రెప్ప వాల్చేస్తుంది. అన్నం సగంలో ఉండగానే దవడ మొరాయిస్తుంది. కాసేపు కూర్చుంటే మళ్లీ సత్తువ వస్తుంది. అందుకే ఇంట్లోవాళ్లు నీరసమే అనుకుంటారు.

నరం పంపే కబురును కండరం మీది గ్రాహకాలు అందుకోవాలి. ఈ జబ్బున్న చాలామందిలో సొంత యాంటీబాడీలే వాటిని దెబ్బతీస్తాయి. ఇది తేలడంలో తెలుగు మాటకూ ఓ చిన్న వాటా ఉంది. కోరమాండల్ తీరపు పాముల మీద 1796లో పుస్తకం వేసిన పాట్రిక్ రసెల్, అందులో 'బంగారు పాము' అనే మన పేరును నమోదు చేశాడు. శాస్త్రంలో అదే 'బంగారస్' అయింది. ఆ జాతి పాము విషంలోని బంగారోటాక్సిన్ గ్రాహకాలను ఉడుంపట్టు పడుతుంది. 1973లో దాంతో లెక్కిస్తే, రోగుల కండరాల్లో గ్రాహకాలు బాగా తగ్గినట్టు తెలిసింది.

యాంటీబాడీలను తయారుచేసేవి బి కణాలు. వాటికి ఊతమిచ్చేవి సహాయక టి కణాలు, అంటే సీడీ4 కణాలు. అవి లేని ఎలుకలకు గ్రాహకాన్ని ఎక్కించినా జబ్బు రాలేదు. రొమ్ముటెముక వెనకున్న థైమస్ గ్రంథి టి కణాలకు బడి. చాలామంది రోగుల్లో ఆ బడే దారితప్పుతుంది. అక్కడ ఫాలిక్యులర్ సహాయక కణాలు ఇంటర్‌ల్యూకిన్-21 విడుదల చేసి బి కణాలను ఎగదోస్తాయి. టీహెచ్17 కణాలు వాపును రాజేస్తాయి. అదుపు చేయాల్సిన నియంత్రక టి కణాలు నీరసిస్తాయి.

డెల్టా రైతుకు ఇది కొత్త కథేం కాదు. కాలువ తూములు చూసే లస్కరు తూము ఎత్తేసి ఉంచితే, మడిలో నీళ్లు ఎంత తోడినా నిండుతూనే ఉంటాయి. ఇక్కడ నీళ్లు యాంటీబాడీలు, లస్కరు సహాయక టి కణం. పిరిడోస్టిగ్మిన్ మాత్ర కబురును కాసేపు నిలబెడుతుంది. ప్లాస్మా మార్పిడి యాంటీబాడీలను తోడేస్తుంది. 2021లో అమెరికా అనుమతించిన ఎఫ్‌గార్టిజిమాడ్ కూడా వాటినే తగ్గిస్తుంది. ఆపితే మళ్లీ పుట్టుకొస్తాయి. అలాగని కాలువ మొత్తం కట్టేస్తే పైర్లన్నీ ఎండుతాయి. సీడీ4 కణాలు పడిపోతే ఏమవుతుందో హెచ్ఐవీ చూపించింది. తప్పుచేసే లస్కరును మాత్రమే పట్టుకునే మందు కావాలి.

అది వచ్చేలోగా చేతిలో ఉన్న పని థైమస్‌ను చూడటం. 2016లో వెలువడిన 126 మంది రోగుల పరీక్షలో, గ్రంథి తీసేసినవారికి మూడేళ్లలో బలహీనత, స్టెరాయిడ్ అవసరం రెండూ తగ్గాయి. పైగా రోగుల్లో పదిమందిలో ఒకరికైనా అక్కడ గడ్డ ఉంటుంది. కాబట్టి జబ్బు తేలిన ప్రతి ఒక్కరికీ ఛాతీ స్కాన్ తీయాలి. గుణదల సిద్ధార్థ వైద్య కళాశాల ఓపీకైనా, పల్లె ఆస్పత్రికైనా వాలిన రెప్పతో ఎవరొచ్చినా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: 'పొద్దున ఎలా ఉంటుంది, సాయంత్రం ఎలా ఉంటుంది?'