ఒడిలో కుక్క, బోనులో తల్లి

మీ ఇంట్లో షిట్జూ ఉందా? ముచ్చటగా ఉంటుంది కదూ! తలమీద పిలక, పిలకకి రంగు బ్యాండు, మెళ్ళో గంట, పుట్టినరోజుకి కేకు, ఇన్‌స్టాగ్రామ్‌లో దాని పేర ఒక ఖాతా. మీరు దానికి మమ్మీ, మీ ఆయన డాడీ. చాలా సంతోషం. ఒక్క ప్రశ్న అడుగుతాను. దాన్ని కన్న అసలు మమ్మీ ఎక్కడుంది?

తెలియదు. అడగలేదు. అడగాలని తట్టనైనా లేదు. ఫ్రిజ్ కొన్న రోజు ఎన్ని స్టార్లని అడిగారు, వారంటీ ఎన్నేళ్ళని అడిగారు, పాతది ఇస్తే ఎంత తగ్గిస్తావని గంటసేపు బేరమాడారు. ప్రాణమున్నదాన్ని కొన్న రోజు మాత్రం వాట్సాప్‌లో ఫొటో చూసి, ఫోన్‌పేలో డబ్బు కొట్టి, ఎవడో కుర్రాడు బైకు మీద అట్టపెట్టెలో తెస్తే గేటు దగ్గర దింపుకున్నారు. సరుకు అందింది. ఐదు నక్షత్రాలు.

మీరు అడగలేదు కాబట్టి నేను చెప్తాను. మా ఇంట్లో ఉన్నది అలాంటి తల్లే. ఊరి చివర రేకుల షెడ్డులో ఎదకొచ్చిన ప్రతిసారీ కట్టించి, ఈనించి, పిల్లల్ని అమ్ముకుని, ఇక చూలు నిలవదని తేలాక రోడ్డు మీద వదిలేస్తే ఎవరో దయగలవాళ్ళు ఎత్తుకొచ్చారు. వాళ్ళ దగ్గర్నుంచి నేను తెచ్చుకున్నాను. పేరు చిట్టి. వచ్చిన రోజు దాని ఒంటిమీద ఉన్నది బొచ్చు కాదు, మూత్రంతో తడిసి ఆరి, తడిసి ఆరి గట్టిపడ్డ అట్ట. దువ్వెన దిగదు, కత్తెర దూరదు. డాక్టరు మిషన్ పెట్టి గీకితే ఆ అట్ట ఒకే ముక్కగా ఊడి వచ్చింది. కింద చర్మం ఎర్రగా పుండ్లు. గోళ్ళు వంకర తిరిగి అరికాళ్ళలోకి దిగాయి. పళ్ళు సగం లేవు, ఉన్నవి గార పట్టి కదులుతున్నాయి. పొట్ట కింద చన్నులు వేలాడుతున్నాయి. దానికి మెట్లు తెలియవు. గడ్డి మీద దింపితే కాలెత్తి నిలబడిపోయింది. ఎందుకంటే దాని పాదాలు ఎరిగింది బోను అడుగున ఉండే ఇనుప జాలీ ఒక్కటే.

మీ ఇంట్లో సోఫా మీద ఫొటోకి నవ్వుతున్నది ఇలాంటిదాని కూతురే. వియ్యపురాల్ని ఒకసారి చూసుకోండి.

ఇంకా పెద్ద విడ్డూరం ఉంది. మా ముసలి చిట్టిని సాయంత్రం పార్కుకి తీసుకెళ్తే, ఖరీదైన బూట్లేసుకున్న ఒక కుర్రాడు వంగి, తోక కింద చూసి మరీ అడిగాడు: "ఆంటీ, ఆడదేనా? మాది మేల్ ఉంది. క్రాసింగ్ చేయిస్తారా? పప్పీల్లో సగం మీకు." పేరు అడగలేదు, వయసు అడగలేదు, కుంటుతోందేమని అడగలేదు. "గర్భసంచి తీయించేశాను బాబూ" అన్నాను. "అయ్యో, వేస్ట్ కదా ఆంటీ!" అన్నాడు. ఆ పిల్లాడు దుర్మార్గుడు కాడు. చదువుకున్నాడు, మర్యాదస్తుడు, పెద్దలకి దణ్ణం పెట్టే రకం. భయమంతా అక్కడే ఉంది. ఆడదానికి గర్భసంచి ఉంటే వాడాలి, లేకపోతే వేస్టు. ఈ మాట మనం కుక్కల దగ్గరే నేర్చుకున్నామా, ఇంట్లో నేర్చుకుని కుక్కల మీద ప్రయోగిస్తున్నామా?

చట్టం లేదా అంటారు. ఉంది. 2017లో కేంద్రం కుక్కల పెంపకం, అమ్మకాల మీద నియమాలు తెచ్చింది. రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు కాకుండా ఎవడూ కుక్కల్ని ఈనించి అమ్మకూడదు. పద్దెనిమిది నెలలు నిండని ఆడదాన్ని కట్టించకూడదు. జన్మలో ఐదు ఈతలు మించకూడదు. ఎనిమిదేళ్ళు దాటాక అసలు ముట్టుకోకూడదు. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. కాగితం మీద ముత్యాల్లాంటి నియమాలు. మరి మీకు అమ్మినవాడి నమోదు నంబరు ఎంత? నవ్వొస్తోందా? నాకూ వస్తోంది. ఇంకాస్త నవ్వాలంటే 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం తిరగేయండి. మూగజీవిని కొట్టినా, ఇరుకు బోనులో కుక్కినా, మొదటి తప్పుకి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. యాభై! పానీపూరీ బండివాడు కూడా ఆ నోటుకి చిల్లర వెతుక్కోడు. నెలకి లక్షలు దండుకునేవాడికి ఈ దేశం వేసే శిక్ష అది.

సంస్కృతి, సంప్రదాయం అని గుండెలు బాదుకునే పెద్దలకి ఒక మాట. మీ ఇంట్లో అద్దాల బీరువాలో ఆంధ్ర మహాభారతం ఉంటుంది, విప్పరు కాబట్టి నేనే చెప్తాను. నన్నయగారి ఆదిపర్వం మొదట్లోనే ఒక తల్లి కుక్క ఉంది. సరమ. జనమేజయుడు యాగం చేస్తుంటే దాని పిల్ల సారమేయుడు ఆడుకుంటూ అటు వెళ్ళింది, రాజుగారి తమ్ముళ్ళు కొట్టారు. ఆ తల్లి ఏడుస్తూ మూల కూర్చోలేదు. నేరుగా రాజు దగ్గరికి వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమిటని నిలదీసింది. కారణం లేకుండా బీదసాదల్ని బాధించేవాళ్ళకి చెప్పాపెట్టకుండా భయాలు ముంచుకొస్తాయని హెచ్చరించి మరీ పోయింది. ఆ మాటకి చక్రవర్తి హడలిపోయి, శాంతి చేయించడానికి తగిన పురోహితుణ్ణి వెతుక్కుంటూ బయల్దేరాడు. అంత పెద్ద ఇతిహాసం మొదలుకాకముందే ఒక తల్లి కుక్క ఫిర్యాదుని రాజు విన్నాడు. మన రాజులో? యాభై రూపాయల రసీదు రాస్తారు.

ఇక బుజ్జి ముక్కు సంగతి. 2003లో హచ్ ఫోన్ కంపెనీ ప్రకటన వచ్చింది. చీకా అనే పగ్ ఒక పిల్లాడి వెంట గునగునా నడిచింది, దేశం మొత్తం కరిగిపోయింది. ఫోన్ కంపెనీ పేరు మారింది, ఆ తర్వాత మళ్ళీ మారింది, జనం సిమ్ములు మార్చేశారు. ఆ ముచ్చటకి కొన్న పగ్గులు మాత్రం మన మే నెల ఎండలో ఊపిరాడక కొట్టుకుంటూనే ఉన్నాయి. కుక్కకి మనలా ఒంటినిండా చెమట పట్టదు. ముఖ్యంగా నోరు తెరిచి వగర్చే అది ఒళ్ళు చల్లబరచుకోవాలి. చదును ముఖం కావాలని తరతరాలుగా మూతి ఎముకని కుదించారు, లోపలి కండ తగ్గలేదు. ముక్కు రంధ్రాలు సన్నని గీతలు, అంగిలి వెనకభాగం గొంతుకి అడ్డం. మీరు ముద్దుగా వీడియో తీసి స్నేహితులకి పంపే ఆ గురక, అది గురక కాదు, గాలి కోసం పోరాటం. కుక్క మామూలు ఒంటివేడి నూటొకటి, నూట రెండున్నర ఫారెన్‌హీట్ మధ్య ఉంటుంది. నూటారు దాటితే లోపలి అవయవాలు దెబ్బతింటాయి. మధ్యాహ్నం కరెంటు పోయి, ఇంట్లో ఎవరూ లేక, బాల్కనీలో గొలుసుకి కట్టి ఉన్న పగ్‌కి అక్కడిదాకా వెళ్ళడానికి ఎంతోసేపు పట్టదు. నెదర్లాండ్స్‌లో మూతి పొడవు తల పొడవులో మూడో వంతైనా లేని కుక్కల్ని ఈనించడానికి వీల్లేదని 2019 నుంచి అమలు చేస్తున్నారు. చలిదేశం వాళ్ళది! నలభై మూడు డిగ్రీల రామగుండంలో మనం హోమ్ డెలివరీ ఇస్తున్నాం.

ఈ పగ్గులు, షిట్జూలు అంతఃపురాల కుక్కలు. చీనా రాజమందిరాల్లో సేవకులు దువ్వితే పెరిగాయి. 1860లో బ్రిటిష్, ఫ్రెంచి సైన్యాలు బీజింగ్ వేసవి మందిరాన్ని దోచుకుని, దొరికిన పెకినీస్ కుక్కల్లో ఒకదాన్ని విక్టోరియా రాణికి సమర్పిస్తే దానికి పెట్టిన పేరు లూటీ. దొంగసొత్తని ఒప్పుకునేపాటి నిజాయితీ వాళ్ళకుంది. అలాంటి కుక్కని తెచ్చి రెండు గదుల ఫ్లాట్‌లో పెట్టి, సేవ చెయ్యడానికి ఎవరున్నారో చూద్దాం. మమ్మీ ఆఫీసులో, డాడీ ఆఫీసులో. పనిమనిషే. నెలకి నాలుగు వేలిచ్చి, అంట్లతోపాటు కుక్క దొడ్డి కూడా ఆమె చేతే ఎత్తించి, ఆమె టీ గ్లాసు మాత్రం వేరే పెట్టి, సాయంత్రం వచ్చి "మా బేబీ" అని ఫొటో పెడతారు. కుక్క మీ మంచం ఎక్కొచ్చు. ఆమె మీ కుర్చీలో కూర్చోకూడదు. దీన్ని జంతుప్రేమ అంటారట!

సేవ అన్నాను కదా, అదేమిటో కూడా వినండి. చెవుల వెనక, చంకల్లో, గజ్జల్లో బొచ్చు ఒక్కరోజు వదిలేస్తే ముడిపడుతుంది. వేరు దగ్గర బొచ్చుని వేళ్ళతో పట్టుకుని, దువ్వెన కొసతో చివర్నుంచి కొంచెం కొంచెంగా విప్పాలి. లాగితే ఏడుస్తుంది, వదిలేస్తే కింద పుండవుతుంది. కనుగుడ్లు బయటికి ఉంటాయి కాబట్టి ముక్కు మీద పెరిగిన వెంట్రుక నేరుగా కంటిని గీస్తుంది. పొద్దున్నే కాచి చల్లార్చిన నీళ్ళలో దూది ముంచి కంటి మూలల్లో పుసి తుడవాలి. కన్ను ఎర్రబడి నీరు కారితే ఆ పూటే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి, పక్కింటివాళ్ళు చెప్పిన చుక్కలు వేశారో, కన్ను పోతుంది. పళ్ళు తోమాలి. పామేరియన్ అయితే మోకాటి చిప్ప జారొచ్చు, మెడకి పట్టీ కట్టి లాగితే గొంతు గొట్టం నలిగి బాతులా దగ్గుతుంది, ఛాతీకి తొడిగే పట్టీయే వాడాలి. ఎండలు వచ్చాయని దానికి గుండు గీయిస్తారు కొందరు మహానుభావులు, ఆ బొచ్చు మళ్ళీ సరిగా మొలుస్తుందన్న పూచీ లేదు. ఆపరేషన్ చేయించని ఆడకుక్కకి వయసు మీదపడ్డాక గర్భసంచిలో చీము పట్టొచ్చు, కనిపెట్టకపోతే చస్తుంది. ఇదంతా పదేళ్ళు, పదిహేనేళ్ళు. చిన్న కుక్క కదా, చిన్న పని అనుకున్నారు.

నడిపించక్కర్లేదని కూడా మీకు చెప్పి ఉంటారు. అబద్ధం. ఇంట్లోనే ఉంటుంది కదా, రేబిస్ టీకా ఎందుకని కూడా అని ఉంటారు. అది అబద్ధం కాదు, నేరం. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేదు. జాతి కుక్క పంటికి మినహాయింపు ఎవరూ రాసివ్వలేదు. మూడు నెలలు నిండగానే మొదటి టీకా వేయించండి, తర్వాత ఏటా వేయించండి.

అటువైపు వాళ్ళనీ వదలను. "మనుషులకే దిక్కులేదు, కుక్కలకి సేవలా?" అని మూతి విరిచే ధర్మరాజులు ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఉంటారు. అయ్యా, దిక్కులేని మనుషులకి తమరు ఇప్పటిదాకా చేసిందేమిటో సెలవియ్యండి. మెట్ల కింద వాచ్‌మన్ సంసారానికి కిటికీ పెట్టిద్దామని సంఘం మీటింగులో అంటే మొదట చెయ్యెత్తి వద్దన్నది మీరే. మీకు మనుషులు గుర్తొచ్చేది కుక్క కనిపించినప్పుడే.

ఇంకో రకం ఉన్నారు. ఇంట్లో పప్పీకి ఏసీ, వీధి కుక్క పిల్లల మీద వేడినీళ్ళు. లిఫ్టులో పెంపుడు కుక్కని రానివ్వకపోతే "రైట్స్" అని గొంతు చించుకుంటారు, వీధి కుక్కల్ని ఎత్తుకుపొమ్మని మునిసిపాలిటీకి అదే చేత్తో అర్జీ పెడతారు. వీధిలో పుట్టింది మన ఎండకి, మన అన్నానికి, మన వానకి తట్టుకునే జాతి. టీకాలు వేయించి, ఆపరేషన్ చేయించి ఇంటికి తెచ్చుకుంటే చక్కగా బతుకుతుంది. కానీ అది ఫొటోలో రిచ్‌గా కనబడదు! కులం చూసి సంబంధం కలుపుకునే జాతికి కుక్కకి కూడా వంశావళి కాగితం కావాలి.

ఆ వంశావళి కుక్కకీ చివరికి గతి ఏమిటి? వీసా వస్తుంది. పాప పుడుతుంది. అత్తగారికి ఆస్తమా అంటారు. అప్పుడు "మంచి ఇల్లు కావాలి, ఉచితం" అని వాట్సాప్ గ్రూపుల్లో పెడతారు. పెట్టినవాళ్ళు పుణ్యాత్ములు. మిగతావాళ్ళు రాత్రిపూట కారు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఆపుతారు. రోడ్డు దాటడం తెలియని, చెత్తకుప్పలో తిండి వెతకడం రాని ఆ ప్రాణి కారు వెనక ఎంతదూరం పరుగెత్తుతుందో, అద్దంలో చూసేవాళ్ళకే తెలియాలి.

కోపం వచ్చిందా? రానివ్వండి. నాకు శత్రువులు కొత్త కాదు. మీ ఇంట్లో ఇప్పటికే ఉన్నదాన్ని ఆఖరి ఊపిరిదాకా చూసుకోండి, దాని తప్పేమీ లేదు. ఇంకొకటి కావాలనిపిస్తే వదిలేసిన వాటిలోంచి ఒకదాన్ని తెచ్చుకోండి. కాదు, పిల్లే కావాలి, కొనే తీరతాం అంటారా? అయితే అట్టపెట్టె కోసం గేటు దగ్గర నిలబడకండి. మీరే వెళ్ళండి. నమోదు పత్రం అడగండి, పిల్ల వయసు డాక్టరు చేత చూపించుకోండి, షెడ్డు తలుపు తీయించండి, తల్లిని తెచ్చి ఎదురుగా నిలబెట్టమనండి. వాడు నీళ్ళు నమిలితే డబ్బు జేబులోనే పెట్టుకుని తిరిగి రండి, వచ్చేటప్పుడు ఆ అడ్రసు మీద ఫిర్యాదు రాసి రండి.